శునక శిక్షకుడు: చరిత్ర చూపే గీటురాయి

మహాభారత కథ ఒక కుక్కపిల్ల ఏడుపుతో మొదలవుతుంది. జనమేజయుడు కురుక్షేత్రంలో దీర్ఘసత్రం జరుపుతుండగా దేవశుని అయిన సరమ కుమారుడు సారమేయుడు ఆడుకొంటూ యజ్ఞశాల దరిదాపులకు వస్తాడు. జనమేజయుని తమ్ములు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు వాడిని కొట్టి తరుముతారు. బిడ్డ ఏడుస్తూ తల్లిని చేరుకొంటాడు. సరమ నేరుగా రాజు సన్నిధికి వచ్చి, తన బిడ్డ హవిస్సును నాకలేదనీ, అటువైపు కన్నెత్తి చూడనైనా లేదనీ చెప్పి, ఏ తప్పునకు కొట్టారని ప్రశ్నిస్తుంది. సభలో ఎవరి వద్దా సమాధానం లేదు. అకారణంగా దండించినవారికి కారణం తెలియని భయం వచ్చిపడుతుందని ఆ తల్లి శపించి వెళ్లిపోతుంది. ఇంతటి ఇతిహాసం ముగింపునకు చేరువైనప్పుడు, తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు నిలబడిపోతాడు. 11వ శతాబ్దంలో నన్నయ ఆదిపర్వ ప్రారంభంలోనే సరమ వృత్తాంతాన్ని తెలుగు చేశాడు. 13వ శతాబ్దంలో తిక్కన మహాప్రస్థానిక పర్వాన్ని తెలుగు చేశాడు. ఈ విధంగా మన ఆదికావ్యానికి అటూ ఇటూ శునకమే కావలి ఉన్నదని చెప్పవచ్చు.

ఈ రెండు ఘట్టాల నడుమ ఉన్న ప్రశ్న ఒక్కటే. మాట రాని ప్రాణికి మంచిచెడ్డలు నేర్పే అధికారం ఎవరికి ఉన్నది? ఆ అధికారాన్ని వారు ఏ విధంగా వినియోగించాలి? నేడు నగరాలలో, పట్టణాలలో ఇంటింటా కుక్కను పెంచే అలవాటు పెరిగింది. దానికి నడవడి నేర్పడానికి శిక్షకుని వెదకవలసిన అవసరమూ పెరిగింది. మంచి శిక్షకుని గుర్తించడం ఎలా అన్నది నిన్న మొన్న పుట్టిన సమస్యగా పైకి కనిపిస్తుంది. కాని ఉపఖండపు చరిత్రను తిరగవేసినప్పుడు ఈ ప్రశ్న ఎంత పాతదో, దానికి మన పూర్వులు ఎటువంటి సమాధానాలు ఇచ్చారో బోధపడుతుంది.

తొలి ఆనవాళ్లు

కాశ్మీరంలో శ్రీనగర్ సమీపాన గల బుర్జహోమ్ నవీన శిలాయుగపు ఆవాసం. అక్కడి తవ్వకాలలో లభించిన ఒక రాతిపలకపై ఇద్దరు వేటగాళ్లు దుప్పిని ఎదుర్కొంటున్న దృశ్యం చెక్కబడి ఉన్నది. ఆ దృశ్యంలో కుక్క కూడా ఉన్నది. అదే స్థలంలో మనుషులతో పాటు కుక్కలను పాతిపెట్టిన సమాధులు సైతం వెలుగు చూశాయి. బ్రతికినన్నాళ్లు వేటలో తోడుగా ఉన్న జంతువు మరణంలోనూ తోడుగా ఉండాలని ఆనాటివారు భావించారు కాబోలు.

సింధు నాగరికతకు వచ్చేసరికి సాక్ష్యం మరికొంత స్పష్టమవుతుంది. హరప్పాలో లభించిన మట్టిబొమ్మలలో మెడపట్టీ ధరించిన కుక్కలు ఉన్నాయి. చన్హుదారోలో దొరికిన ఒక ఇటుకపై పిల్లి పాదముద్ర, దానిని తరిమిన కుక్క పాదముద్ర పచ్చి మట్టిలో పడి అట్లే నిలిచిపోయాయి. మెడపట్టీ చిన్న వస్తువే కావచ్చు. కాని దానికి కట్టిన తాడు రెండవ కొసన ఒక మనిషి చేయి ఉంటుంది. కుక్క బొమ్మ మనకు దక్కింది. ఆ చేయి ఎవరిదో మనకు దక్కలేదు. శునక శిక్షకుని చరిత్ర అంతా దాదాపుగా ఇదే తీరున సాగింది.

వాదిగా నిలిచిన శునకం

ఋగ్వేదం దశమ మండలంలో సరమ ఇంద్రుని దూతగా పణుల వద్దకు వెళ్లి, వారు దాచిన గోవుల జాడ తీస్తుంది. జాడ తీయడం, కావలి కాయడం, వేటలో తోడుపడడం అనే మూడు పనులకు మన వాఙ్మయం శునకాన్ని మొదటి నుంచి గౌరవించింది. అదే సమయంలో శునకాన్ని అశుచిగా, అల్పజీవిగా భావించిన సందర్భాలు కూడా తక్కువేమీ కాదు. ఈ రెండు భావాల మధ్య ఒక విశేషం మాత్రం గమనార్హం. శునకం న్యాయం కోరి వాదిగా నిలిచిన కథలు మన దేశంలో ఒకటి కాదు, మూడు ఉన్నాయి.

మొదటిది పైన చెప్పిన సరమ కథ. రెండవది రామాయణం ఉత్తరకాండకు చేరిన ప్రక్షిప్త సర్గలలోనిది. తల పగిలిన ఒక కుక్క శ్రీరాముని ద్వారానికి వచ్చి, సర్వార్థసిద్ధుడనే భిక్షువు తనను అకారణంగా కొట్టాడని ఫిర్యాదు చేస్తుంది. భిక్షువును పిలిపించి విచారించగా, భిక్ష దొరకక ఆకలితో తిరుగుతున్న తనకు దారికి అడ్డంగా ఉన్న కుక్కను చూసి కోపం వచ్చిందని అతడు ఒప్పుకొంటాడు. అనగా దెబ్బకు కారణం కుక్క తప్పు కాదు, కొట్టినవాని ఆకలి. ఈ చిన్న ఒప్పుకోలులో ఎంతో సత్యం ఇమిడి ఉన్నది.

మూడవది బౌద్ధ జాతక కథలలోని కుక్కుర జాతకం. కాశీరాజు రథపు తోలుపట్టాలను రాత్రివేళ కుక్కలు కొరికివేస్తాయి. వెలుపలి కుక్కలే చేశాయని నమ్మిన రాజు, నగరంలో కనిపించిన ప్రతి కుక్కనూ చంపమని ఆజ్ఞాపిస్తాడు. రాజభవనపు కుక్కలకు మాత్రం ఆ ఆజ్ఞ వర్తించదు. శునక జన్మ ఎత్తిన బోధిసత్త్వుడు సభకు వచ్చి, విచారణ లేకుండా కొందరిని చంపి కొందరిని విడిచిపెట్టడం న్యాయం కాదంటాడు. దర్భను నూరి మజ్జిగలో కలిపి భవనపు కుక్కలకు తాగించమంటాడు. అవి తోలు ముక్కలను కక్కుతాయి. నిజం బయటపడుతుంది.

మూడు కథలు మూడు వేర్వేరు సంప్రదాయాలలో వెలసినవే అయినా మూడింటి సారం ఒక్కటే. దండనకు ముందు విచారణ ఉండాలి. తప్పు ఏదో, ఎవరిదో, ఎందుకు జరిగిందో తెలియక ఎత్తిన చేయి నేర్పేది ఏమీ ఉండదు. శిక్షకుని కొలవడానికి ఇంతకు మించిన గీటురాయి మరొకటి లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

శ్వాగణికులు

కథలను విడిచి శాస్త్రగ్రంథాలకు వస్తే, కుక్కల గుంపులతో జీవనం సాగించే వృత్తివారు మనకు తారసపడతారు. పాణిని అష్టాధ్యాయిలో శ్వగణ శబ్దం నుంచి ఆ వృత్తివానిని తెలిపే పదం ఏర్పడే విధానాన్ని ఒక సూత్రం చెబుతున్నది. ఒక వృత్తికి వ్యాకరణంలో ప్రత్యేక సూత్రం అవసరమైనదంటే ఆ వృత్తి సమాజంలో సుపరిచితమై ఉండాలి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో వేటగాళ్లు, కుక్కల గుంపులు గలవారు అడవులలో సంచరిస్తూ ఉండాలనీ, దొంగలు గాని శత్రువులు గాని సమీపించినప్పుడు కొండలు, చెట్లు ఎక్కి శంఖ దుందుభి ధ్వనులతో హెచ్చరించాలనీ ఉన్నది. నేటి సరిహద్దు కావలి వంటి బాధ్యతే అది. రాజ్యరక్షణలో వారికి అంతటి చోటు దక్కింది.

సమాజంలో మాత్రం దక్కలేదు. శ్రాద్ధానికి పిలువరానివారి జాబితాలో మనుస్మృతి క్రీడకై కుక్కలను పెంచేవానిని, డేగలతో బ్రతికేవానిని చేర్చింది. అడవిలో రాజ్యానికి కన్నుగా ఉన్నవాడు ఊరిలో పంక్తికి వెలి అయ్యాడు. శునక శిక్షణకు సంబంధించిన జ్ఞానం తరతరాలుగా నోటిమాటగానే సాగడానికి, శిక్షకుని పేరు ఎక్కడా నమోదు కాకపోవడానికి ఈ చిన్నచూపు ఒక ముఖ్య కారణమని భావించవచ్చు.

భారతీయ శునకాల ఖ్యాతి మాత్రం దేశపు ఎల్లలు దాటింది. భరతుడు మాతామహుని ఇంటి నుంచి అయోధ్యకు బయలుదేరినప్పుడు కేకయరాజు అంతఃపురంలో పెరిగిన బలిష్ఠమైన కుక్కలను కానుకగా ఇచ్చాడని రామాయణం చెబుతున్నది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, బాబిలోన్‌ను పాలించిన పారశీక అధికారి వద్ద భారతీయ శునకాలు విశేషంగా ఉండేవనీ, వాటి పోషణకై నాలుగు పెద్ద గ్రామాలకు ఇతర పన్నులు మినహాయించారనీ వ్రాశాడు.

సోఫైటిస్ సభలో

క్రీస్తుపూర్వం 326 ప్రాంతంలో అలెగ్జాండర్ పంజాబు నదీ ప్రాంతాలకు వచ్చినప్పుడు, గ్రీకులు సోఫైటిస్ అని పిలిచిన స్థానిక రాజు అతనికి 150 వేటకుక్కలను బహూకరించాడు. ఆ జాతి పట్టుదలను నిరూపించడానికి జరిపిన పరీక్షను డయొడోరస్ అనే చరిత్రకారుడు వర్ణించాడు. సింహం మీదికి కుక్కలను వదిలారు. అవి సింహాన్ని కరచి పట్టుకొని ఉండగా ఒక మనిషి కత్తితో వచ్చి వాటిలో ఒక దాని కాలు కోయడం మొదలుపెట్టాడు. అలెగ్జాండర్ కేక వేయగా అతని భటులు పరుగెత్తి ఆ మనిషి చేతిని ఆపారు. దానికి బదులు మరి మూడు కుక్కలను ఇస్తానని రాజు అన్నాడు. వేటకాడు మళ్లీ ఆ కాలు పట్టుకొని నెమ్మదిగా, కొద్దికొద్దిగా కోశాడు. కుక్క మూలగలేదు, పట్టు విడవలేదు. నెత్తురు కారి సింహం మీదనే ప్రాణం విడిచింది.

ఈ వృత్తాంతాన్ని భారతీయ శునక శౌర్యానికి నిదర్శనంగా చెప్పుకోవడం పరిపాటి. శౌర్యం నిజమే. కాని మనం చూడవలసినది ఆ కత్తి పట్టిన వేటకాని వైపు. అతని పేరు గ్రంథంలో లేదు. రాజు మాటకు లోబడి, తన సంరక్షణలోని ప్రాణిని తన చేతితోనే నరికాడు. అలెగ్జాండర్ కళ్ల ఎదుట పరీక్షకు నిలిచింది కుక్క ఒక్కటే కాదు. కుక్కకు, దాని పోషకునికి నడుమ ఉన్న విశ్వాసం కూడా ఆనాడు పరీక్షకు నిలిచింది. కుక్క తన వంతు నిలబెట్టుకొంది. ప్రదర్శన కొరకు ప్రాణిని బాధపెట్టే శిక్షణకు ఇంతకంటె స్పష్టమైన చిత్రం చరిత్రలో అరుదు.

ఆతకూరు శిల

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరులో లభించింది. రాష్ట్రకూట మూడవ కృష్ణునికి, చోళులకు క్రీ.శ. 949లో తక్కోలం వద్ద జరిగిన యుద్ధంలో గాంగరాజు రెండవ బూతుగుడు కృష్ణుని పక్షాన పోరాడాడు. బూతుగుని అనుచరుడైన మణలేరుడు ఆ యుద్ధంలో చూపిన పరాక్రమానికి మెచ్చి రాజు వరం కోరుకొమ్మన్నాడు. మణలేరుడు కోరుకొన్నది రాజు వద్ద ఉన్న కాళి అనే వేటకుక్కను. తరువాత ఒక వేటలో కాళి పెద్ద అడవిపందితో తలపడింది. రెండూ చనిపోయాయి. ఆతకూరు చల్లేశ్వరాలయం ఎదుట కాళికి వీరశిలను నిలిపారు. దాని పూజకు భూమిని ఇచ్చారు. ఆ శిలను పూజింపక భుజించిన అర్చకునికి పాపం తప్పదని శాసనం వ్రాయించారు. కుక్క, పంది పోరాడుతున్న శిల్పంతో ఉన్న ఆ శిల నేడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో భద్రంగా ఉన్నది.

యుద్ధవీరులకు నిలిపే రాయిని కుక్కకు నిలపడం మన మధ్యయుగ సంస్కృతిలోని కృతజ్ఞతా భావానికి నిదర్శనం. అందులో రాజు పేరు ఉన్నది, యజమాని పేరు ఉన్నది, కుక్క పేరు కూడా ఉన్నది. కాళిని చిన్ననాటి నుంచి పెంచి, వేట నేర్పిన మనిషి పేరు మాత్రం లేదు.

రాజాస్థానాలలో

12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసం మధ్యయుగ జీవనానికి విజ్ఞాన సర్వస్వం వంటిది. అందులో రాజోచిత వినోదాలను వివరించే భాగంలో సారమేయ వినోదానికి కూడా స్థానం దక్కింది. ఏనుగులు, గుర్రాలు, డేగలతో పాటు కుక్కలను సైతం శాస్త్రీయంగా పరిశీలించవలసిన విషయంగా ఒక రాజు భావించడం విశేషం.

మొగలుల కాలంలో అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో అక్బరు చక్రవర్తికి కుక్కలపై గల ప్రీతిని పేర్కొన్నాడు. మేలైన కుక్కలు కాబూలు వైపు నుంచి, ముఖ్యంగా హజారా ప్రాంతం నుంచి వచ్చేవి. వాటికి పేర్లు పెట్టేవారు, ఆభరణాలు తొడిగేవారు. వాటికి రోజూ ఇచ్చే మాంసం ఎంతో, వాటిని చూసుకొనే సేవకులకు నెలజీతం ఎంతో కూడా ఆ గ్రంథం లెక్క చెబుతున్నది. శునక పోషకుడు మనకు ఒక జీతగాడుగా, ప్రభుత్వ లెక్కలోని మనిషిగా స్పష్టంగా కనిపించే సందర్భం ఇది. అయినా ఆ లెక్కలో జీతం ఉన్నది గాని పేరు లేదు.

అడవి బడి

ఆస్థానాలకు దూరంగా, శాస్త్రాలకు అందని మరొక శిక్షణ సంప్రదాయం కూడా ఈ దేశంలో ఉన్నది. నల్లమల చెంచుల జీవనాన్ని పరిశీలించి ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన గ్రంథంలో చెంచు గూడేలలోని కుక్కల ప్రస్తావన ఉన్నది. దక్కను పీఠభూమిలో గొర్రెల మందల వెంట తిరిగే కుక్కలనూ మనం ఎరుగుదుము. ఇట్టి కుక్కకు బడి లేదు, పరీక్ష లేదు. పిల్లగా ఉన్ననాటి నుంచి మనుషుల మధ్య, మందల మధ్య, పెద్ద కుక్కల వెంట తిరుగుతూ చూచి నేర్చుకొంటుంది.

ఉత్తర కర్ణాటకలోని ముధోల్ జాతి కుక్క చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. ఆ ప్రాంతపు వేట జాతుల వద్ద ఉన్న ఈ కుక్కలను ముధోల్ సంస్థానాధిపతి మాలోజీరావు ఘోర్పడే ఆదరించి వృద్ధి చేశాడు. భారత తపాలా శాఖ 2005లో వెలువరించిన నాలుగు శునక జాతుల బిళ్లలలో హిమాలయ గొర్రెల కాపరి కుక్క, రాంపూర్ జాగిలం, రాజపాళయంతో పాటు ముధోల్ కూడా ఉన్నది. 2016లో ముధోల్ కుక్కలను భారత సైన్యం మీరట్‌లో శిక్షణకు తీసుకొన్నది. వాసనపై ఆధారపడే కుక్క స్వభావం వేరు, చూపుపై ఆధారపడి దూరాన కదిలిన దానిని తరిమే ముధోల్ వంటి కుక్క స్వభావం వేరు. ఒకే పాఠాన్ని ఒకే రీతిలో రెండింటికీ నేర్పబూనిన శిక్షకునికి భంగపాటు తప్పదు.

మన నాటు కుక్కకు విద్య అబ్బదనే అపోహ ఇంకా ఉన్నది. బంగారు గద్దె మీద కూర్చోబెట్టినా కుక్కకు తొల్లింటి గుణం పోదని సుమతీ శతకకారుడు చెప్పిన నీతిని, కుక్క తోక వంకర అన్న సామెతను ఇందుకు ఆధారంగా చూపుతారు. ఆ నీతి మనుషులను ఉద్దేశించినది, శునక శాస్త్రం కాదు. ఉత్తరాఖండ్ పోలీసు శాఖ 2019లో ఠేంగా అనే వీధికుక్కను తన జాగిలాల దళంలో చేర్చుకొని పనికి తీర్చిదిద్దింది. కుల గోత్రాల కంటె గురువు ముఖ్యమని ఆ కుక్క నిరూపించింది.

బలప్రయోగం నుంచి బహుమానం వరకు

ఆధునిక శునక శిక్షణకు గ్రంథరూపం వచ్చింది 20వ శతాబ్దం ప్రారంభంలో. జర్మనీకి చెందిన కోన్రాడ్ మోస్ట్ 1910లో ప్రకటించిన శిక్షణ గ్రంథం సైనిక, పోలీసు వర్గాలలో చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది. అందులో బలప్రయోగానికి పెద్దపీట వేశారు. ఇదే కాలంలో రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కలపై జరిపిన పరిశోధనలు, ప్రాణి ఏ విధంగా ఒక గుర్తును ఫలితంతో ముడివేసుకొంటుందో చూపాయి. 1951లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్, జంతువులకు నేర్పడంపై వ్రాసిన వ్యాసంలో సరియైన క్షణంలో అందిన చిన్న బహుమానం ఎంతటి పనినైనా నేర్పగలదని వివరించాడు.

మధ్యలో మరొక వాదం బలపడింది. కుక్క తోడేలు సంతతి కనుక, తోడేళ్ల గుంపులో నాయకుడు బలంతో ఏలినట్లు యజమాని కుక్కను అణచి ఉంచాలన్నది ఆ వాదం. బంధించి ఉంచిన తోడేళ్లను పరిశీలించి 1947లో షెంకెల్ వ్రాసిన పత్రం దానికి మూలం. అయితే అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ల గుంపు తల్లిదండ్రులు, పిల్లలతో కూడిన కుటుంబమేననీ, నాయకత్వపు పోరాటాల చిత్రం దానికి వర్తించదనీ డేవిడ్ మెక్ 1999లో ప్రకటించాడు. ఆ వాదాన్ని అంతకు ముందు ప్రచారంలోకి తెచ్చినవారిలో ఆయన కూడా ఒకరు కావడం గమనార్హం. 2020లో పోర్చుగల్ పరిశోధకులు 92 పెంపుడు కుక్కలను పరిశీలించి, బాధపెట్టే పద్ధతులు వాడే శిక్షణాలయాలలోని కుక్కలలో ఆందోళన లక్షణాలు అధికంగా ఉన్నట్లు, శిక్షణ తరువాత వాటి లాలాజలంలో ఒత్తిడిని సూచించే హార్మోను పెరిగినట్లు కనుగొన్నారు. సరమ శాపంలోని కారణం తెలియని భయానికి ఇది ప్రయోగశాల ఇచ్చిన పేరు.

స్వతంత్ర భారతంలో సైన్యానికి చెందిన రిమౌంట్ వెటర్నరీ విభాగం 1960లో మీరట్‌లో శునక శిక్షణను ప్రారంభించింది. సరిహద్దు భద్రతా దళం గ్వాలియర్ సమీపాన గల టేకన్‌పూర్‌లో జాతీయ శునక శిక్షణ కేంద్రాన్ని నడుపుతున్నది. హైదరాబాద్ శివార్లలోని మొయినాబాద్‌లో కూడా పోలీసు జాగిలాలకు శిక్షణ లభిస్తున్నది. ఇట్టి దళాలలో అనుభవం నేర్పిన నియమం ఒకటి ఉన్నది. కుక్కను, దానిని నడిపే సిబ్బందిని ఒక జంటగా తీర్చిదిద్దడం ఆ నియమం. నేర్చుకొనేది కుక్క ఒక్కటే కాదు, ఇద్దరూ.

2015 ఆగస్టులో కాశ్మీరంలోని తంగ్‌ధార్ ప్రాంతంలో చొరబాటుదారుల జాడ తీసిన మాన్సీ అనే లాబ్రడార్, దానిని నడిపిన సైనికుడు బషీర్ అహ్మద్ వార్ కలిసే ప్రాణాలు అర్పించారు. మాన్సీ సేవకు సైనిక గౌరవం దక్కింది. 2023 సెప్టెంబరులో రాజౌరిలో కెంట్ అనే జాగిలం తనను నడిపే సైనికుని కాపాడుతూ కన్నుమూసింది. వెయ్యేళ్ల క్రితపు ఆతకూరు శిలపై కాళి పేరు పక్కన లేని పేరు, మాన్సీ పక్కన ఉన్నది. తాడు రెండవ కొసన ఉన్న చేతిని చరిత్ర ఎట్టకేలకు గుర్తించింది.

ఎంపికకు కొన్ని సూచనలు

ఇంతటి చరిత్ర నుంచి ఇంట్లో కుక్కను పెంచే సామాన్య గృహస్థు గ్రహించదగినది ఏమిటి? అందమైన ప్రకటనలు గాని, గోడకు వేలాడే ప్రశంసాపత్రాలు గాని శిక్షకుని యోగ్యతను పూర్తిగా చెప్పలేవు. అతని యోగ్యతను నిర్ణయించే భారం అధికంగా యజమాని విచక్షణపైనే ఉన్నది. కావున కొన్ని విషయాలు ముందుగా పరిశీలించడం మంచిది.

మొదట, మన కుక్కను అప్పగించక పూర్వమే ఆ శిక్షకుడు ఇతరుల కుక్కలకు నేర్పే తీరును ఒకసారి కూర్చుని చూడాలి. చూడనివ్వనన్న వానిని అక్కడితో విడిచిపెట్టవచ్చు. చూడవలసినది శిక్షకుని కంఠస్వరాన్ని కాదు, కుక్క శరీరాన్ని. తోక కాళ్ల నడుమకు పోయిందా, చెవులు వెనుకకు అణిగాయా, పదే పదే పెదవులు నాకుకొంటున్నదా, అతడు చేయి ఎత్తగానే ముడుచుకొంటున్నదా? అవి భయపు చిహ్నాలు. కట్టు విప్పగానే తానై అతని వద్దకు పరుగెత్తి వచ్చే కుక్కను మించిన యోగ్యతాపత్రం శిక్షకునికి లేదు.

రెండవది, కుక్క చెప్పిన పని చేయనప్పుడు మీరేమి చేస్తారని సూటిగా అడగాలి. ముందు కారణం వెదకుతానని, పాఠాన్ని చిన్న భాగాలుగా విడదీస్తానని అన్నవాడు గురువు. ఉరి బిగిసే గొలుసు, మేకుల పట్టీ, విద్యుత్ ఘాతం ఇచ్చే పట్టీ చూపించినవాడు సోఫైటిస్ సభలోని వేటకాని వారసుడు. నిన్నటి వరకు సౌమ్యంగా ఉన్న కుక్క నేడు కరవడానికి వస్తే చెవిలో నొప్పి ఉండవచ్చు, కీళ్ల బాధ ఉండవచ్చు. అటువంటప్పుడు ముందు పశువైద్యునికి చూపించమని చెప్పి రుసుమును వదులుకొన్న శిక్షకుడు నమ్మదగినవాడు.

మూడవది, అతడు అడిగే ప్రశ్నలు. కుక్క వయస్సు, టీకాలు, తిండి, నిద్ర, ఇంట్లో పిల్లలు, వృద్ధులు ఉన్నారా, పగలు ఎంతసేపు ఒంటరిగా ఉంటుంది అన్నవి అడగకుండా ధర చెప్పినవాడు విచారణ లేకుండా తీర్పు చెప్పిన కాశీరాజు వంటివాడు. ఇన్ని రోజులలో సర్వవిద్యలు నేర్పుతానని పూచీ ఇచ్చేవానిని కూడా నమ్మరాదు. ప్రాణి నేర్చుకొనే వేగానికి ఎవరూ పూచీ ఇవ్వలేరు.

నాలుగవది, శిక్షణలో యజమానికి చోటు ఉన్నదా అన్నది. కుక్కను నెలల తరబడి కంటికి కనబడని చోట ఉంచి, నేర్పి పంపిస్తామనే పద్ధతిలో రెండు లోపాలు ఉన్నాయి. అక్కడ ఏమి జరుగుతున్నదో మనకు తెలియదు. అక్కడ నేర్చిన మాటను ఇంట్లో ఎవరు, ఏ స్వరంతో చెప్పాలో ఇంటివారికి తెలియదు. మంచి శిక్షకుడు తన సమయంలో సగం కుక్కకు, సగం కుటుంబానికి కేటాయిస్తాడు. ఇంట్లో తాతగారు ఒక మాట, మనుమడు మరొక మాట చెబితే కుక్క ఏ మాట వినాలి?

చివరిది, కాలం. అమెరికా పరిశోధకులు స్కాట్, ఫుల్లర్ 1965లో ప్రకటించిన గ్రంథంలో కుక్కపిల్ల మూడవ వారం నుంచి పన్నెండవ వారం వరకు మనుషులతో, పరిసరాలతో పరిచయానికి అత్యంత అనుకూలమైన దశలో ఉంటుందని తేల్చారు. ఆరు నెలలు నిండాక చూద్దాం అనే శిక్షకుడు ఆ దశను చేజార్చినట్లే. మన పల్లెలలో ఆలమందల నడుమ, పిల్లల నడుమ పెరిగిన కుక్క అంతటి స్థిమితంగా ఉండడానికి గల రహస్యం ఇదే.

సరమ ప్రశ్న

ఈ విషయానికి మరొక పార్శ్వం ఉన్నది. భయంతో పెరిగిన కుక్క ఏదో ఒకనాడు కరుస్తుంది. కరచినది వీధిలో ఆడుకొనే పసివాడిని కావచ్చు. అప్పుడు నింద కుక్కపై పడుతుంది, శిక్ష కుక్కకు పడుతుంది. దానిని కొట్టి నేర్పిన చేయి ఎవరి జ్ఞాపకంలోనూ ఉండదు. మన చరిత్రలో శిక్షకుని పేరు నమోదు కాకపోవడం వలన అతనికి దక్కవలసిన కీర్తి దక్కలేదు. అదే కారణం వలన అతడు మోయవలసిన బాధ్యత కూడా అతనిని చేరలేదు.

కాలం మారింది. నేడు శునక శిక్షణ గౌరవప్రదమైన వృత్తి అయింది. ఒకనాడు పంక్తికి వెలి అయిన విద్యను నేడు యువతీ యువకులు ఇష్టంతో అభ్యసిస్తున్నారు. ఇది హర్షింపదగిన పరిణామం. ఆ విద్యకు వన్నె తెచ్చేది మాత్రం చేతిలోని గొలుసు కాదు, మనస్సులోని విచారణ. జనమేజయుని సభలో సరమ అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. మన ఇంటి కుక్క ఆ ప్రశ్నను నోరు విప్పి అడగలేదు. దాని తరఫున మనమే శిక్షకుని అడగాలి. జవాబు చెప్పగలిగినవానికే తాడు అందించాలి.